పత్తితో పొత్తు లేని ఇంటిపేరు: కాటన్

గోదావరి జిల్లాలవారికి 'కాటన్' అనగానే బట్టల దుకాణం కంటే ముందు ధవళేశ్వరం ఆనకట్ట గుర్తుకొస్తుంది. అయినా ఆ ఇంటిపేరుకు అర్థమేమిటని అడిగితే అందరమూ తడుముకోకుండా 'పత్తి' అనేస్తాం. అక్కడితో ఆగక, ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొరగారి పూర్వీకులు పత్తి వర్తకులో, నేతగాళ్లో అయి ఉంటారని కూడా ఊహించుకుంటాం. ఆంగ్లంలో పత్తికీ ఈ ఇంటిపేరుకూ ఇప్పుడు అక్షరక్రమం ఒకటే కాబట్టి ఈ ఊహలో తప్పు పట్టవలసిందేమీ లేదు. కానీ ఈ పేరు పత్తి మీదుగా రాలేదు, ఊరి మీదుగా వచ్చింది. ఆ ఊరైనా ఒకటి కాదు, అనేకం. అందుచేత కాటన్ అనే ఇంటిపేరు గలవారందరికీ ఒకే మూలపురుషుడు ఉండే వీలు కూడా లేదు. ఈ రెండు విషయాలూ పట్టుకుంటే ఇంగ్లండులో ఇంటిపేర్లు ఎలా పుట్టాయో, ఎలా నిలిచాయో, ఎలా మాయమయ్యాయో చాలావరకు తెలుస్తుంది.

ప్రాచీన ఆంగ్లంలో 'కాట్' అంటే పాక. మనుషులుండే చిన్న గుడిసెకూ, గొర్రెలమందకు నీడనిచ్చే కొట్టానికీ ఆ మాటే వాడేవారు. నేటి 'కాటేజ్' కూడా ఈ మూలం నుంచి వచ్చినదే. నాలుగు పాకలు ఒకచోట వెలిస్తే, పక్క ఊరివారు ఆ చోటును 'ఎట్ కొటుమ్', అంటే 'పాకల దగ్గర', అనేవారు. ఇక్కడ 'కొటుమ్' అన్నది బహువచనంలో చతుర్థీ విభక్తి రూపం. 'ఎట్' అనే విభక్త్యర్థక పదం వాడుకలో జారిపోయింది, విభక్తి ప్రత్యయం మాత్రం నామానికి అతుక్కుని మిగిలింది, చివరి మకారం నకారమైంది. అలా కోటన్, కాటన్ అనే ఊరిపేర్లు ఏర్పడ్డాయి. ఉత్తర ఇంగ్లండులో అదే రూపం మకారాన్ని వదులుకోక కోథమ్ అయింది. విభక్తి లేని మామూలు బహువచనం నిలిచిన చోట్ల కోట్స్ అయింది. యార్క్ నగరం పక్కనున్న ఎకమ్ అనే పేరు కూడా ఇలాంటిదే, 'ఓక్ చెట్ల దగ్గర' అని దాని అర్థం. వ్యాకరణం మాట్లాడేవారి నోటి నుంచి వెళ్లిపోయాక కూడా ఊరిపేరులో శిలాజంలా ఉండిపోతుందనడానికి ఇవి మంచి ఉదాహరణలు.

తెలుగువారికి ఇది వింతగా తోచనక్కరలేదు. ఊరు కందుకూరు, ఇంటిపేరు కందుకూరి. ఊరు నూజివీడు, ఇంటిపేరు నూజివీటి. మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊరిపేరుకు ఔపవిభక్తిక రూపాలే, అంటే 'ఫలానా ఊరి' మనిషి అన్న అర్థంలో ఆగిపోయిన మాటలే. కందుకూరు అనే పేరుతో తెలుగునాట ఊళ్లు ఒకటికి మించి ఉన్నట్టే, కోటన్, కాటన్ అనే పల్లెలు ఇంగ్లండులో కేంబ్రిడ్జిషైరులో, ష్రాప్‌షైరులో, స్టఫర్డ్‌షైరులో, చెషైరులో ఉన్నాయి. సఫోక్‌లో ఉన్న కాటన్ మాత్రం వేరు. అది పాకల వల్ల కాక, కొడ్డ అనే మనిషి పేరు మీద వెలసిన పల్లె అని స్థలనామ పండితులు చెబుతారు. అంటే, ఒకే ఇంటిపేరుకు ఊళ్లు వేరు కావడమే కాదు, ఆ ఊరిపేర్ల వ్యుత్పత్తి కూడా అన్నిచోట్లా ఒకటి కాదన్నమాట. ఈ పాక అనే మాట నుంచి వచ్చిన చుట్టాలు ఇంకా ఉన్నారు: చలిపాక అనదగిన కాల్డికాట్, పూజారుల పాక అనదగిన ప్రెస్కాట్ ఇంటిపేర్లుగా కూడా బాగా పాకినవే.

ఇక పత్తి సంగతి. ఆంగ్లంలోని ఆ మాట అరబ్బీలోని 'కుత్న్' నుంచి ఫ్రెంచి మీదుగా, మధ్యయుగంలో, కొవ్వొత్తుల వత్తులకూ కవచాల కింద తొడుక్కునే మెత్తటి అంగీలకూ వాడే దూదితో పాటు దిగుమతి అయింది. పాకల పల్లెలు మాత్రం అప్పటికే ఉన్నాయి. విలియం రాజు 1086లో తన రాజ్యమంతటా భూములను లెక్కగట్టించి రాయించిన డూమ్స్‌డే లెక్కల్లో ఈ రకం ఊళ్లు కనబడతాయి. ఇంకో తమాషా ఏమిటంటే, 16వ శతాబ్దంలో 'మాంచెస్టర్ కాటన్లు' అని పేరుపడిన బట్టలు పత్తివి కానే కావు, అవి ముతక ఉన్ని బట్టలు. లాంకషైరులో పత్తి మిల్లులు విస్తరించింది 18వ శతాబ్దం చివరి భాగంలో. అప్పటికి కాటన్ అనే ఇంటిపేరు నాలుగైదు వందల ఏళ్ల పాతది. కాబట్టి వృత్తి వల్ల వచ్చిన స్మిత్, వీవర్, టేలర్ వంటి పేర్ల వరసలో దీన్ని కూర్చోబెట్టకూడదు.

ఊరిపేరు మనిషిపేరు కావడంలో ఒక చిన్న మెలిక ఉంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత భూస్వాములు తమ ఆస్తిపేరును తమ పేరుకు తగిలించుకోవడం మొదలుపెట్టారు. పత్రాల్లో 'ద కోటన్', అంటే 'కోటన్‌కు చెందిన', అని రాసేవారు. అలా రాయించుకున్నవాడు కోటన్ అనే ఊరికి యజమాని కావచ్చు. సామాన్యుడి విషయం దీనికి తలకిందులు. కోటన్‌లో ఉన్నంతకాలం కోటనువాడని అతణ్ణి పిలవడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు, అక్కడ అందరూ కోటనువాళ్లే. ఆ ఊరు వదిలి వేరే పల్లెకో పట్నానికో వెళ్లి స్థిరపడినప్పుడే ఆ గుర్తింపుకు పని పడుతుంది. అందువల్ల ఊరిపేరును ఇంటిపేరుగా మోసేవారిలో కొందరు ఆ ఊరిని ఏలినవారి సంతతి, చాలామంది ఆ ఊరిని విడిచినవారి సంతతి. దొరా, వలసకూలీ ఒకే పేరుతో చరిత్రలోకి వచ్చారు. ఈ సంగతి గుర్తుంటే, ఇంటిపేరు చూసి వంశగౌరవం లెక్కగట్టే అలవాటు సగం తగ్గుతుంది.

13, 14 శతాబ్దాల్లో ఈ పేర్లు తండ్రి నుంచి కొడుక్కు పారంపర్యంగా దిగడం మొదలైంది. ప్రభుత్వానికి పన్నులు కావాలి, పన్నులకు జాబితాలు కావాలి, జాబితాల్లో పదిమంది జాన్‌లను విడదీయాలి. 1377, 1379, 1381 సంవత్సరాల్లో వేసిన తలపన్ను చిట్టాలు ఇంటిపేర్లు వెతికేవారికి ఇప్పటికీ గనులే. 1413లో వచ్చిన ఒక చట్టం, కొన్ని రకాల వ్యాజ్యాల్లో మనిషి పేరుతో పాటు అతని హోదానో వృత్తినో, నివాసాన్నీ తప్పనిసరిగా రాయమంది. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే చిన్న ప్రాంతం) చర్చిలోనూ బాప్తిస్మాలూ పెళ్లిళ్లూ ఖననాలూ నమోదు చేయాలని ఆజ్ఞాపించాడు. పేరుకు ముందుండే 'ద' అప్పటికే రాలిపోయింది. స్పెల్లింగు మాత్రం చాలాకాలం కుదురుకోలేదు. రాసే గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా కోటన్, కాటన్, కాట్టెన్ అని పడేది.

ఇప్పుడు కాటన్ వంశాల దగ్గరకు వద్దాం. చరిత్రలో బాగా పేరుకెక్కిన రెండు వంశాలు చెషైరులోని కంబర్‌మియర్ కాటన్లూ, హంటింగ్డన్‌షైరులోని కోనింగ్టన్ కాటన్లూ. వంశచిహ్నాలు చూస్తే వీరి మధ్య దూరం కళ్లకు కడుతుంది. కోనింగ్టన్ వారి డాలు మీద నీలిరంగు నేపథ్యంలో రెక్కలు విప్పిన తెల్లని గద్ద ఉంటుంది. కంబర్‌మియర్ వారి డాలు మీద అదే నీలిరంగు నేపథ్యంలో, ఇంటికప్పు ఆకారంలో వంచిన ఒక పట్టీ, దాని చుట్టూ మూడు తెల్లని నూలు చిలపలు, అంటే నూలు చుట్టలు! పేరులోని శ్లేషను బొమ్మగా మార్చి డాలుకెక్కించడం ఆ కాలపు వేడుక. పత్తి అపోహకు మనల్ని మాత్రమే తప్పుపట్టడం అన్యాయమని నాకు అనిపించేది ఇందుకే. పాకలవారైన ఆ కుటుంబమే చిలపలను చిహ్నంగా పెట్టుకుని తిరిగింది. డాలును నమ్మి చరిత్ర రాసేవాడు దొరగారి తాతలను మగ్గం మీద కూర్చోబెడితే ఆశ్చర్యమేముంది?

కోనింగ్టన్ శాఖలో అందరికంటే ఆసక్తి కలిగించే మనిషి సర్ రాబర్ట్ కాటన్ (1571–1631). ఆయన పూర్వీకులు 15వ శతాబ్దంలో వెసెన్‌హామ్ వంశపు వారసురాలిని పెళ్లాడటం ద్వారా కోనింగ్టన్ ఆస్తిని సంపాదించుకున్నారు. ఆ వారసురాలి వైపు నుంచి స్కాట్లండును ఏలిన బ్రూస్ వంశంతో సంబంధం ఉందని వారి నమ్మకం. 1603లో స్కాట్లండు రాజు జేమ్స్ ఇంగ్లండు సింహాసనం ఎక్కగానే, మన రాబర్ట్ కాటన్‌కు ఆ చుట్టరికం మహా ముఖ్యమైపోయింది. అప్పటినుంచి రాబర్ట్ బ్రూస్ కాటన్ అని సంతకం పెట్టసాగాడు. రాజు కూడా ఆయన్ని చుట్టమనే పలకరించేవాడని చెబుతారు. ఇంటిపేరు తండ్రి నుంచి వస్తుంది సరే, మధ్యలో తగిలించే పేరు మాత్రం అవసరాన్ని బట్టి వస్తుందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు. 1611లో రాజుగారి ఖజానా నింపడానికి 1,095 పౌండ్లు చెల్లించినవారికి బారొనెట్ అనే వంశపారంపర్య బిరుదు ఇచ్చే పథకం వచ్చినప్పుడు, పాత పత్రాలు తిరగేసి దానికి దన్నుగా నిలిచినవారిలో ఈయన ఒకడు. తొలివిడత బారొనెట్లలోనూ ఒకడయ్యాడు.

ఆయనకు పాత రాతప్రతులంటే ప్రాణం. ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దుచేసినప్పుడు చెల్లాచెదురైన గ్రంథాలను ఏరి, వెస్ట్‌మిన్‌స్టర్‌లోని తన ఇంట్లో ఒక గ్రంథాలయం నిలిపాడు. పుస్తకాల బీరువాల మీద రోమన్ చక్రవర్తుల ప్రతిమలుండేవి. ఏ ప్రతిమ కింద, ఏ అరలో, ఎన్నోది అన్నదే పుస్తకానికి గుర్తు. ప్రాచీన ఆంగ్ల కావ్యమైన బేవుల్ఫ్‌కు మిగిలిన ఏకైక రాతప్రతిని ఇప్పటికీ 'కాటన్ విటెల్లియస్ ఏ 15' అంటారు. లిండిస్‌ఫార్న్ సువార్తలను 'కాటన్ నీరో డి 4' అంటారు. రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి మాగ్నా కార్టా మూలప్రతులు లోకంలో నాలుగే మిగిలితే వాటిలో రెండు ఈయన సేకరణలోవే. రాజుకు కిట్టని పాత హక్కుపత్రాలు అందులో దొరుకుతున్నాయని 1629లో మొదటి చార్లెస్ ఆ గ్రంథాలయాన్ని మూయించాడు. రెండేళ్లకే రాబర్ట్ కాటన్ కన్నుమూశాడు. మనవడు జాన్ కాటన్ చొరవతో 18వ శతాబ్దం మొదట్లో ఆ సేకరణ జాతిపరమైంది. 1731లో ఆష్‌బర్నమ్ భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో కొంత కాలిపోగా, మిగిలింది 1753లో బ్రిటిష్ మ్యూజియం పునాది సేకరణల్లో ఒకటయింది. ఆ కుటుంబపు బారొనెట్ బిరుదు అంతకు ముందు ఏడాదే, 1752లో, పురుష వారసులు లేక అంతరించింది. వంశం నిలవలేదు, ఇంటిపేరు మాత్రం పుస్తకాల గుర్తింపు సంఖ్యల్లో నిలిచింది. సంతానం కంటే సేకరణే పేరును గట్టిగా మోసిన సందర్భం ఇది.

అదే 17వ శతాబ్దంలో ఈ ఇంటిపేరుతో మరికొందరు కనబడతారు. స్టఫర్డ్‌షైరులో బెరెస్‌ఫర్డ్ హాల్ యజమాని చార్లెస్ కాటన్ (1630–1687) కవి, చేపల గాలం నేర్పరి, మాంటేన్ వ్యాసాలను ఆంగ్లంలోకి తెచ్చినవాడు. డర్బీలో పుట్టిన జాన్ కాటన్ (1585–1652) లింకన్‌షైరులోని బోస్టన్‌లో ప్యూరిటన్ మతాచార్యుడిగా పేరు తెచ్చుకుని, మతాధికారుల వేధింపు తప్పించుకోవడానికి 1633లో అట్లాంటిక్ దాటి, అమెరికాలోని కొత్త బోస్టన్‌కు చేరాడు. ఆయన మరణించాక ఆయన భార్య రిచర్డ్ మాథర్ అనే మరో మతాచార్యుణ్ణి పెళ్లాడింది. ఆమె కూతురు మరియా కాటన్ ఆ మాథర్ గారి కొడుకు ఇంక్రీజ్‌ను పెళ్లాడింది. ఈ దంపతులకు 1663లో పుట్టిన బిడ్డకు తాతగారి ఇంటిపేరునే సొంతపేరుగా పెట్టారు. ఆయనే కాటన్ మాథర్, సేలం మంత్రగత్తెల విచారణల కాలపు బోస్టన్ బోధకుడు, మశూచికి టీకా వేయాలని 1721లో వాదించినవాడు. తల్లివైపు ఇంటిపేరు అంతరించకుండా బిడ్డకు ముందుపేరుగా పెట్టే ఆంగ్లేయుల అలవాటు అమెరికాకు కూడా ఇలా వలసపోయింది.

కంబర్‌మియర్ కాటన్ల మూలం ష్రాప్‌షైరులో, వెమ్ పట్టణం దగ్గరున్న కోటన్. అక్కడి జాన్ కాటన్ కొడుకులు జార్జ్, రిచర్డ్ ఇద్దరూ ఎనిమిదో హెన్రీకి పెళ్లికాని సంబంధంలో పుట్టిన కొడుకు హెన్రీ ఫిట్జ్‌రాయ్ కొలువులో చేరి పైకొచ్చారు. 1133లో స్థాపితమైన కంబర్‌మియర్ సిస్టర్షియన్ మఠం 1538లో రద్దయితే, మరుసటి ఏడాది రాజు దాన్ని జార్జ్ కాటన్‌కు ఇచ్చాడు. సన్యాసుల గోడల మధ్యే ఆ కుటుంబం తమ భవంతిని కట్టుకుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇక్కడినుంచి ఆ కుటుంబం తమను కోటన్ ఊరి పేరుతో కాక కంబర్‌మియర్ పేరుతో చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఊరి నుంచి పుట్టిన ఇంటిపేరు ఊరితో సంబంధం తెంచుకుని వట్టి పేరుగా మిగిలే ఘట్టం ప్రతి వంశంలోనూ ఒకటుంటుంది. ఈ వంశంలో అది 1539.

తరువాతి తరాల పేర్లు చదువుతుంటే పెళ్లిళ్ల జాబితా చదివినట్టే ఉంటుంది. 1677లో బారొనెట్ అయిన రాబర్ట్ కాటన్ వేల్స్‌లోని లెవెని వారసురాలు హెస్టర్ సాల్జ్‌బరీని పెళ్లాడాడు. అందుకే తరువాతివారిలో లించ్ సాల్జ్‌బరీ కాటన్, రాబర్ట్ సాల్జ్‌బరీ కాటన్ అనే పేర్లు కనబడతాయి. నిఘంటుకారుడు శామ్యూల్ జాన్సన్‌కు ఆప్తురాలైన హెస్టర్ థ్రేల్ తల్లి ఈ కాటన్ల ఇంటి ఆడపడుచే. ఆ చుట్టరికం వల్లనే జాన్సన్ 1774లో థ్రేల్ దంపతులతో కలిసి కంబర్‌మియర్‌లో బస చేశాడు. రాబర్ట్ సాల్జ్‌బరీ కాటన్ భార్య స్టేపుల్టన్ వంశపు ఆడపడుచు. వారి కొడుక్కు తల్లి పుట్టింటి పేరే సొంతపేరయింది. ఆయనే స్టేపుల్టన్ కాటన్ (1773–1865), స్పెయిన్‌లో వెల్లింగ్టన్ కింద అశ్వికదళాన్ని నడిపినవాడు. అంతకు ముందే యువకుడిగా 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో పాల్గొన్నాడు. తరువాత భారతదేశంలో సర్వసేనాధిపతిగా వచ్చి 1826 జనవరిలో భరత్‌పూర్ కోటను పట్టుకున్నాడు. దానికి 1827లో వైకౌంట్ కంబర్‌మియర్ అనే ప్రభు బిరుదు పొందాడు. అప్పటినుంచి సొంతపేరులోని స్టేపుల్టన్ ఇంటిపేరులోకి జరిగి, కుటుంబం స్టేపుల్టన్-కాటన్ అయింది. తన కొడుక్కు ఆయన పెట్టిన పేరు వెల్లింగ్టన్ హెన్రీ. పై అధికారి పట్ల భక్తిని చాటడానికి బాప్తిస్మ నామాన్ని మించిన చోటు ఏముంటుంది? బార్బడోస్ గవర్నరుగా ఆయన పనిచేసిన గుర్తుగా అక్కడ కంబర్‌మియర్ పాఠశాల ఉంది. బిరుదు ఇంటిపేరును ఎలా మింగేస్తుందో చూడండి: బార్బడోస్ బడిపిల్లలకు కంబర్‌మియర్ తెలుసు, కాటన్ తెలియదు.

ఇందుకు పూర్తిగా వ్యతిరేకం ఆయన పినతండ్రి కొడుకు ఆర్థర్ థామస్ కాటన్ కథ. లించ్ సాల్జ్‌బరీ కాటన్ కొడుకుల్లో రాబర్ట్‌కు ఆస్తీ బిరుదూ దక్కగా, హెన్రీ కాల్వెలీ కాటన్‌కు పదకొండుమంది కొడుకులు మిగిలారు. ఆ పదకొండుమందిలో పదోవాడు 1803 మే 15న పుట్టిన ఆర్థర్. ఆంగ్లేయుల వారసత్వ పద్ధతిలో ఆస్తి పెద్దకొడుకుది. పదో కొడుక్కు మిగిలేది ఇంటిపేరూ, దాని పలుకుబడితో దొరికే ఒక ఉద్యోగమూను. అన్న సిడ్నీ సైన్యంలో చేరి జనరల్ అయ్యాడు, తమ్ముడు ఫ్రెడరిక్ కాన్యర్స్ మద్రాసు ఇంజనీర్లలో చేరాడు. ఆర్థర్ కూడా ఆ ఇంజనీర్ల దళంలోనే చేరి 1821లో మద్రాసు వచ్చాడు. కావేరి, కొల్లడం పనుల తరువాత 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టించాడు. 1861లో సర్ అయ్యాడు కానీ, ప్రభువుల సభకు చేరే బిరుదేదీ రాలేదు. వచ్చి ఉంటే, సర్వసేనాధిపతి పేరులాగే ఈయన ఇంటిపేరు కూడా ఏదో ఒక ఊరిపేరు వెనక దాగిపోయి, మనం ఇంకో పేరుతో ఆయన్ని తలుచుకుంటూ ఉండేవాళ్లమేమో!

తెలుగునాట ఆ ఇంటిపేరుకు పట్టిన అదృష్టం ఇంగ్లండులో పట్టలేదు. అక్కడ ఆయన ఆర్థర్. ఇక్కడ ఎవరూ ఆర్థర్ దొర అనరు, కాటన్ దొర అనే అంటారు. మన పలుకుబడిలో ముందు ఇంటిపేరే నిలబడుతుంది కాబట్టి ఇది సహజం. గోదావరి స్నానం చేసేటప్పుడు పండితులు చెప్పుకొనే శ్లోకంలో 'కాటనుం తం భగీరథం' అని ఉంటుంది. హలంతమైన పేరుకు తెలుగు ఉకారం చేరి కాటను అయింది, దాని మీద సంస్కృత ద్వితీయా విభక్తి చేరి కాటనుం అయింది. ష్రాప్‌షైరు పాకల దగ్గర చతుర్థీ బహువచనంగా బయలుదేరిన మాటకు గోదావరి ఒడ్డున మరో విభక్తి దొరకడం చూసి వ్యాకరణం తెలిసినవాళ్లు ముచ్చటపడకుండా ఉండలేరు.

అయితే భారతదేశ చరిత్రలో కనబడే ప్రతి కాటన్నూ ఈ ఇంటికే కట్టకూడదు. 1904లో బొంబాయిలో జరిగిన కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించిన సర్ హెన్రీ కాటన్ అస్సాం చీఫ్ కమిషనరుగా పనిచేసినవాడు. ఆయన 1845లో కుంభకోణంలో, అంటే ఆర్థర్ కాటన్ పనిచేసిన కావేరి డెల్టాలోనే, పుట్టడం వల్ల ఇద్దరినీ ఒకే ఇంటివారని అనుకోవడం చాలా తేలిక. కానీ హెన్రీ కాటన్ వంశం వేరు. ఆయన ముత్తాత జోసెఫ్ కాటన్ ఈస్టిండియా కంపెనీ డైరెక్టరు. ఆ జోసెఫ్ తండ్రి సెయింట్ ఆల్బన్స్‌లో వైద్యం చేసిన నథానియల్ కాటన్, కవి విలియం కూపర్ మతిచెడినప్పుడు తన వైద్యశాలలో ఉంచుకుని నయం చేసినవాడు. సిమ్లాలోనూ బెంగళూరులోనూ ఉన్న బిషప్ కాటన్ పాఠశాలలు మరో కాటన్ పేరు మీదివి. కలకత్తా బిషప్ జార్జ్ ఎడ్వర్డ్ లించ్ కాటన్ 1866లో కుష్టియా దగ్గర నదిలో పడి మరణించాడు. ఆయన పేరు మధ్యలో ఉన్న 'లించ్' చూడగానే కంబర్‌మియర్ వంశవృక్షం వైపు చెయ్యి సాగుతుంది. ఇంటిపేరు చెప్పలేని జాడ మధ్యపేరు చెప్పే సందర్భాలు ఇలాంటివే. హెన్రీ కాటన్ మధ్యపేర్లు జాన్ స్టెడ్‌మన్. వాటిలో కంబర్‌మియర్ వాసన ఏమీ లేదు.

ఆడపిల్లల సంగతి చెప్పకపోతే ఏ ఇంటిపేరు చరిత్రయినా సగమే. ఆర్థర్ కాటన్ కూతురు ఎలిజబెత్ 1842లో టాస్మేనియాలో పుట్టింది; అడ్మిరల్ జేమ్స్ హోప్‌ను పెళ్లాడి లేడీ హోప్ అయింది. తండ్రి జీవితచరిత్రను 1900లో ప్రచురించింది ఆమే. చార్లెస్ డార్విన్ చివరి రోజుల్లో బైబిలు చదువుతూ ఉండగా తాను చూశానని ఆమె చెప్పిన కథ ప్రపంచమంతా పాకింది, డార్విన్ పిల్లలు దాన్ని గట్టిగా ఖండించారు. ఆ కథ విన్నవారిలో ఎంతమందికి ఆమె కాటన్ దొర కూతురని తెలుసు? మారిన ఇంటిపేరు తండ్రీకూతుళ్ల మధ్య గోడ కట్టేసింది. మరియా కాటన్ పేరు కొడుకు ముందుపేరులో మిగలకపోతే ఆమె సంగతీ ఇంతే.

ఇంటిపేరు చెబితే చాలు, డాలు బొమ్మ అచ్చువేసి చట్రం కట్టి ఇచ్చే వ్యాపారం పాశ్చాత్య దేశాల్లో చాలాకాలంగా సాగుతోంది. ఆంగ్ల పద్ధతిలో వంశచిహ్నం ఒక ఇంటిపేరుకు దఖలు పడేది కాదు, ఫలానా వ్యక్తికీ అతని వారసులకూ మాత్రమే దఖలు పడేది. 1484లో ఏర్పడిన కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అధికారులు 1530 నుంచి 1688 వరకు జిల్లా జిల్లాకూ తిరిగి, డాలు పెట్టుకున్నవాడికి దాని మీద హక్కు ఉందా లేదా అని విచారించి, వంశావళులు రాసుకున్నారు. కాటన్ అనే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన గద్దకు గానీ నూలు చిలపలకు గానీ ఎవరూ హక్కుదారులు కారు. ఈ వ్యాపారుల దగ్గర డబ్బు పోసేవారిని చూస్తే నాకు జాలి కంటే చిరాకే ఎక్కువ కలుగుతుంది, ఎందుకంటే అసలు ఆధారాలు అందుబాటులోనే ఉన్నాయి. 1837 జూలై నుంచి ఇంగ్లండు, వేల్స్‌లలో జనన వివాహ మరణాలకు ప్రభుత్వ నమోదు ఉంది. 1841 నుంచి జనగణన పత్రాల్లో ఇంటింటి పేర్లు ఉన్నాయి. వాటికి వెనక పారిష్ రిజిస్టర్లు, వీలునామాలు ఉన్నాయి. భారతదేశంలో పనిచేసిన ఆంగ్లేయుల బాప్తిస్మ, వివాహ, ఖనన పత్రాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో, ఇండియా ఆఫీసు దస్తావేజుల్లో ఉన్నాయి. మద్రాసు రాజధానిలోని సమాధుల మీది రాతలను సేకరించి 1905లో అచ్చువేయించిన ఐసీఎస్ అధికారి ఇంటిపేరు కూడా, చిత్రంగా, కాటనే: జూలియన్ జేమ్స్ కాటన్.

కంబర్‌మియర్ భవంతిని ఆ కుటుంబం 1919లో అమ్మేసింది. వైకౌంట్ బిరుదు స్టేపుల్టన్-కాటన్ ఇంటిపేరుతో కొనసాగింది, ఆ మఠం గోడలతో మాత్రం దానికి సంబంధం పోయింది. కంబర్‌మియర్‌తో గానీ కోనింగ్టన్‌తో గానీ నిమిత్తం లేని కాటన్లు ఇంగ్లండులో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో వేలల్లో ఉన్నారు. వారిలో ఎవరైనా తమ పాకలు ఏ జిల్లావో తెలుసుకోవాలంటే డూమ్స్‌డే నుంచి కిందికి దిగితే ఏమీ దొరకదు. తన పుట్టుక పత్రం నుంచి ఒక్కొక్క తరమే వెనక్కి నడిచి, రిజిస్టరు ఆగిపోయిన పారిష్‌కు దాపులో ఏ కోటన్ ఉందో పటంలో చూసుకోవాలి.